మెట్టభూమి పొదలు – కర్బనపు పద్దు

(రాయలసీమ రైతుల, గొఱ్ఱెల కాపరుల సభయందు మేము చేసిన యుపన్యాసము)



నేడు మీ యెదుట మేము మాటలాడబూనిన విషయము పేరునకు శాస్త్రవిషయము. నిజమునకు మీ యింటి విషయము. ఊరి వెలుపలి బీడు, ఆ బీడులోని కంప, ఆ కంపల నడుమ మొలచు కసవు, ఆ కసవు మేయు గొఱ్ఱె – వీనినన్నిటిని నేడు క్రొత్తగా నొక పద్దున కెక్కించుచున్నారు. దానికి కర్బనపు పద్దని పేరు. పద్దు వ్రాయువాడు పట్టణమున నుండును. కొనువాడు సముద్రముల కావల నుండవచ్చును. భూమి మాత్రము మన యూరిలో నున్నది. పత్రము చదువనేరక వ్రేలిముద్ర వేసినవారి గతి యేమైనదో మన తాతలెఱుగుదురు. కావున తొలుత ఈ పద్దును చదువ నేర్చుకొందము. పిమ్మట సమ్మతింతమో, సమ్మతింపమో మనమే నిర్ణయించుకొందము.

గాలిలో బొగ్గుపులుసు వాయువు కలదు. రెండువందల యేండ్లకు పైగా పడమటి దేశములును, వాని వెనుక మనమును, రాక్షసిబొగ్గును రాతినూనెను కాల్చుటచే ఈ వాయువు పెరిగినది. యంత్రయుగమునకు పూర్వము గాలి పదిలక్షల పాళ్లలో 280 పాళ్లుగా నున్న యీ వాయువు నేడు 420 పాళ్లను దాటినది. ఇది భూమికి కప్పిన కంబళివంటిది. కంబళి దళసరియైన కొలది లోపలి వేడిమి వెలికి పోజాలదు. ఎండలు ముదురుటకును, వానలు అదను తప్పుటకును ఇదియొక ముఖ్యకారణము. దీని ఫలము ననుభవించువారిలో మెట్టరైతు మొదటివాడు. దీనిని పుట్టించినవారిలో నతడు కడపటివాడు.

చెట్టు ఈ వాయువును ఆకులద్వారా పీల్చి, సూర్యరశ్మి సాయమున దానిలోని కర్బనమును కాండముగను, కొమ్మగను, వేరుగను మార్చుకొనును. ఎండిన కట్టెలో ఇంచుమించు సగము బరువు కర్బనమే. శాస్త్రజ్ఞులు సామాన్యముగా నూటికి 47 పాళ్లని లెక్కగట్టుదురు. ఒక టన్ను కర్బనము గాలిలోని 3.67 టన్నుల బొగ్గుపులుసు వాయువునకు సమానము. ఒక యుదాహరణము చెప్పెదము. ఒక యెకరమునందలి పొదలన్నిటిని, వేళ్లతో సహా, ఎండబెట్టి తూచినచో పది టన్నులు తూగినవనుకొందము. అందు కర్బనము 4.7 టన్నులు, వాయువుగా లెక్కించినచో 17 టన్నులకు పైమాట. ఇది ఆరువేల లీటర్ల డీజిలు కాల్చినపుడు వెలువడు వాయువునకు మించును. ఆ పొదలు అంత పెరుగుటకు పదేండ్లు పట్టినచో ఏటికి దక్కినది సుమారు 1.7 టన్నులు మాత్రమే. వినుట కిది పెద్దగా తోచును గాని, మన దేశమున 2024-25 సంవత్సరమందు త్రవ్విన బొగ్గు నూరుకోట్ల టన్నులను దాటినదని జ్ఞాపకముంచుకొనుడు. పొదలు నాటుట మంచిది. అది బొగ్గుపొయ్యి నార్పుటకు బదులు కాజాలదు. ఈ రెంటిని ఒకటిగా చూపువాడు లెక్క తప్పినవాడైనను కావలెను, లెక్క దాచినవాడైనను కావలెను.

మెట్టనేలలోని పొదకు అడవిచెట్టునకు లేని గుణమొకటి కలదు. వాన కొఱతగా నుండుచోట మొక్క తన సంపాదనలో పెద్దపాలును నేలలోపలికి పంపును. పైకి మోకాలెత్తున్న పొదకు క్రింద నిలువులోతు వేళ్లుండవచ్చును. రాలిన యాకును, చచ్చిన వేరును మన్నులో చివికి నల్లని జీవము నిచ్చును. ఈ మట్టికర్బనమే అసలు ధనము. లోకమునందలి నేలలలో మీటరు లోతువఱకు దాగిన కర్బనము సుమారు లక్షన్నర కోట్ల టన్నులని యంచనా. చెట్టుచేమలన్నిటిలోని కర్బనమును, గాలిలోని కర్బనమును కలిపినను దీనికి సరితూగవు. భూతలమున సుమారు నూటికి 40 పాళ్లు మెట్టభూములే. కనుక ఎకరమునకు స్వల్పమైనను, మొత్తమున మెట్టభూమి పాలు గొప్పది.

ఇంతవఱకు శాస్త్రము. ఇక చరిత్రకు వత్తము. ఆ చరిత్ర మన కడపసీమనుండియే మొదలగుచున్నది.

ధాత కరువు పేరు విననివారు ఈ సభలో నుండరు. 1876 మొదలు 1878 వఱకు దత్తమండలములను కాల్చివేసిన యా కరువు దినములలోనే, చెన్నరాజధానిలో నడవుల యధికారిగా నుండిన బెడ్డోము దొర ఎండభూములకు తగిన యొక విదేశపు చెట్టును తెప్పింపవలెనని ప్రభుత్వమునకు వ్రాసెను. జమైకా ద్వీపమునుండి విత్తనములు వచ్చినవి. 1877-78 ప్రాంతమున కడపజిల్లా కమలాపురము సీమలో నాటబడినవి. అదియే నేడు మీరు సర్కారుతుమ్మ యనియు, సర్కారుకంప యనియు పిలుచునది. శాస్త్రజ్ఞులు దానిని ప్రోసోపిస్ జూలిఫ్లోరా యందురు. దొరలు దాని కేమి పేరు పెట్టినను, ప్రజలు మాత్రము ఎవరు తెచ్చిరో వారి పేరే పెట్టిరి! ప్రజల నోటినుండి వచ్చిన పేరులో నెంత తీర్పు దాగియున్నదో చూడుడు.

ఈ చెట్టు చెడ్డదని మేము తొందరపడి చెప్పము. వానలేని యేట పచ్చగా నిలుచును. చవిటినేలలో మొలచును. గాలిలోని నత్రజనిని వేళ్లద్వారా నేలకు చేర్చును. నరికినకొలది చిగిర్చును. దాని కట్టె చక్కగా మండును. దాని బొగ్గు బజారులో అమ్ముడుపోవును. పంట పోయిన యేడు కంపకొట్టి, బొగ్గుకాల్చి బిడ్డలను పోషించుకొన్న కుటుంబములు ఈ సభలోనే యున్నవి. వారి యన్నమును మేము హేళన చేయబోము. జోధపురపు సంస్థానమున 1940లో దీనిని రాజవృక్షముగా ప్రకటించిరనిన దాని ప్రతిష్ఠ యెంతయో తెలియును.

కాని పద్దునకు రెండు ప్రక్కలు కలవు. గుజరాతురాష్ట్రమున కచ్ఛదేశపు బన్ని పచ్చికబయళ్లను చూడుడు. రణ్ము చవుడు ముందుకు రాకుండుటకై 1961లో అడవిశాఖవారు అచట 31 వేల హెక్టారులకు పైగా ఈ చెట్టును నాటించిరి. పశువులు దాని తీయని కాయలను తినును. గింజలు పేడలో చెక్కుచెదరక బయటపడి దూరదూరమున మొలచును. నాటిన హద్దును దాటి ఆ చెట్టు బన్నిలో సగము వఱకు ప్రాకినది. దాని నీడన గడ్డి చచ్చినది. మాల్ధారులను పశుపాలకులు తరతరములుగా ఎనుములను మేపుకొను బయలు ముళ్లపాలైనది. ఆఫ్రికాఖండమున కెన్యాదేశములో బారింగో ప్రాంతపు ప్రజలు ఇదే చెట్టు విషయమై 2006లో తమ ప్రభుత్వముపై దావా వేసి, ఆ కాయలు తిని పండ్లూడిన మేకను న్యాయస్థానమునకు సాక్ష్యముగా తోలుకొనివచ్చిరి. మాటలురాని సాక్షి చెప్పిన సాక్ష్యమునకు ఎదురుప్రశ్న వేయగల వకీలెవ్వడు?

ఇప్పుడు కర్బనపు పద్దును తెఱచి చూడుడు. బన్నిలో కట్టె పెరిగినది. కనుక పైపద్దున జమ పెరిగినది. నిజమే. కాని గడ్డివేళ్లు నేలలో నిలిపిన కర్బన మేమైనది? దానిని తొలుతనే కొలిచి వ్రాసికొన్నచో గదా జమాఖర్చులు తేలుట! చెట్టులోని కర్బనము గొడ్డటికిని, నిప్పునకును, తెగులునకును వశమైనది. ఒక వేసవి కార్చిచ్చులో పదేండ్ల జమ యంతయు పొగయై పోవును. గడ్డిలోని కర్బనము క్రింద నుండుటచే పైన కాలినను, మేసినను వేరు మిగులును. వాన పడగనే మరల చిగిర్చును. 2002లో అమెరికాదేశమున జరిగిన యొక పరిశోధన దీనికి చేర్పు చెప్పినది. గడ్డిబయళ్లలోనికి పొదలు చొరబడినపుడు, వాన తక్కువగా నున్నచోట్ల మట్టికర్బనము పెరిగినదనియు, వాన హెచ్చుగా నున్నచోట్ల తగ్గినదనియు తేలినది. అనగా ఒకే సూత్రము అన్ని నేలలకును చెల్లదు. అనంతపురపు ఎఱ్ఱనేలకు వేఱు లెక్క. నంద్యాల రేగడికి వేఱు లెక్క. నేల నేలకు కొలువక, ఒక్క తక్కెడతో దేశమంతయు తూచువానిని నమ్మరాదు.

నీటిపద్దును గూర్చియు చెప్పవలెను. పొద ఊరక కర్బనమును కూర్చుకొనదు. నీరు త్రాగి కూర్చుకొనును. చీనాదేశమున షపోతౌ అనుచోట ఏటికి 200 మిల్లీమీటర్లకు లోపుగా వాన పడును. 1950వ దశకమున అచట ఇసుకనడుమ రైలుమార్గమును కాపాడుటకై గోధుమగడ్డిని చదరంగపు గళ్లవలె నేలలో పాతి, ఆ గళ్లలో అచటి సీమకు తగిన పొదలను నాటిరి. ఇసుక నిలిచినది, కాలక్రమమున నేలపై నాచుపొర కట్టినది, మట్టిలో జీవము చేరినది. ఇది మెచ్చదగిన పని. కాని ఆ దేశమందే లోయస్ పీఠభూమిలో 1999 మొదలు విస్తారముగా చెట్లను పొదలను నాటగా, ఆ నాటుడు నీటివసతి యొక్క పరిమితికి చేరువయ్యెనని 2016లో శాస్త్రజ్ఞులు హెచ్చరించిరి. ఇంకను నాటినచో మనుజులకు మిగులు నీరు తఱుగునని వారి భావము. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రతుకు అనంతపురమువారు ఈ మాటను చెవిని పెట్టవలెను. బోరుబావి యెండిన యూరికి కర్బనపు జమ దాహము తీర్చదు.

అట్లయిన నాటుట మానవలెనా? మాన నక్కఱలేదు. ఏమి నాటవలెను, ఎచట నాటవలెను, ఎవరి యనుమతితో నాటవలెను, ఫలమెవరికి చెందవలెను – ఈ నాలుగును ప్రశ్నింపవలెను.

మన నేల కెఱుకగల చెట్టుచేమలు మనకు కొఱతగా లేవు. జమ్మిచెట్టును మనము విజయదశమినాడు పూజింతుము. అది పైరుల నడుమ నిలిచి పైరును చంపదు. దాని యాకు మేకకు మేత, దాని వేరు పాతాళమువఱకు నీటిని వెదకికొనిపోవును. రాజస్థానమున ఈ చెట్టును కాపాడుటకై 1730లో ఖేజర్లీ గ్రామమున 363 మంది బిష్ణోయీలు ప్రాణము లర్పించిరని ప్రసిద్ధి. ఆ చెట్టును తెలంగాణము తన రాష్ట్రవృక్షముగా నెన్నుకొన్నది. తంగేడును రాష్ట్రపుష్పముగా స్వీకరించినది. తంగేటిపొద యెండకు జంకదు. దానిని పశువు తినదు గాన కావలి యక్కఱలేదు. దాని బెరడు తోళ్లు ఊనుటకును, దాని రొట్ట పచ్చియెరువునకును పనికివచ్చును. రేగు, కలివి, బలుసు, వావిలి, సీతాఫలము, గట్లమీద కానుగ – వీనిలో పండుకు పండు, మందుకు మందు, మేతకు మేత, ఎరువునకు ఎరువు లభించును. ఇట్టి పొదలలో చేరు కర్బనము సర్కారుకంపలో చేరినంత త్వరగా చేరకపోవచ్చును. కాని దానితోపాటు గడ్డి బ్రతుకును, గొఱ్ఱె బ్రతుకును, కాపరి బ్రతుకును. త్వరగా పెరుగునదే మేలైనచో, పంటకంటె కలుపే మేలు కావలసివచ్చును!

గట్టుమీద నాటుటకును, బయలంతయు క్రమ్మునట్లు నాటుటకును భేదము కలదు. చేనిగట్టున వరుసగా పొదలు వేసి, ఏటేట రొట్టకోసి చేనిలో త్రొక్కినచో మట్టి మెత్తనగును. పడిన వాన నేలలో నింకును. కర్బనము మన్నునబడి మనకే పంటగా తిరిగివచ్చును. ఈ విధమున కర్బనము నిలుపుట పరులకమ్ముకొను సరకు కాదు. మన నేలకు మనము తీర్చుకొను ఋణము. ఊరి మేతబీటిలో మాత్రము ముందు గడ్డినే కాపాడవలెను. పొద అచటచట నుండిన చాలును.

ఇక నీ వ్యవహారమున రాజ్యమువారి పాలు చూతము. 2015లో పారిస్ ఒడంబడికకు పూర్వమే మన దేశము, 2030 నాటికి అడవులను చెట్లను పెంచి 250 మొదలు 300 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువునకు సమానమైన అదనపు నిలువను కల్పింతునని మాట యిచ్చినది. 2019లో, 2030 లోపుగా రెండుకోట్ల అఱువది లక్షల హెక్టారుల చెడిన భూమిని బాగుచేయుదుమని ప్రకటించినది. 2023 అక్టోబరులో గ్రీన్ క్రెడిట్ నిబంధనలు వెలువడినవి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన విధానపత్రమున నాటుటకు తగిన చోట్లలో పొదల భూములును చేర్చబడినవి. హెక్టారునకు 1,100 చెట్లకు తక్కువ గాకూడదని చెప్పబడినది. ఈ సంకల్పములను మేము నిందింపము. కాని యొక ప్రశ్న వేయుదుము. పొదలున్న భూమిని చెడినభూమి యని ఎవ్వరనిరి?

ఈ మాట క్రొత్తది గాదు. పన్ను రాని భూమినెల్ల బంజరనుట కుంఫిణీ దినములనాటి లెక్క. రైతు దున్నినచో పన్ను వచ్చును. గొఱ్ఱె మేసినచో రాదు. కనుక గొఱ్ఱె మేయు నేల ఊరక పడియున్న నేల యని దొరలు వ్రాసికొనిరి. దొరలు పోయి డెబ్బదియేండ్లు దాటినను, ఆ మాట మన కాగితములనుండి పోలేదు. నేటికిని దేశపు బంజరుల పటములలో పొదల నేలలు బంజరుగనే లెక్కింపబడుచున్నవి. పన్ను పద్దునకు పనికిరాని భూమి నిన్న బంజరు. కర్బనపు పద్దునకు తక్కువైన భూమి నేడు బంజరు. పద్దు మాఱినది గాని చూపు మాఱలేదు. స్వరాజ్యమనగా తెల్లవాని కుర్చీలో నల్లవాడు కూర్చుండుట కాదనియు, మన నేలను మన కన్నులతో చూచుటయనియు పెద్దలు చెప్పుచుండిరి. ఆ స్వరాజ్యము మేతబీటికి నింకను రాలేదు.

కర్బనపు బేరగాండ్రను గూర్చి యొకమాట. వారు ఇరువది, ముప్పది యేండ్ల ఒడంబడికలతో వత్తురు. ఇంకను పెరుగని చెట్టులో నింకను చేరని కర్బనమును ముందే లెక్కించి చూపుదురు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లు ఈ లెక్క నడచును. పిదప చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకొనుట మన సామెతలో హాస్యమే గాని, వారికదియే వ్యాపారము. ఎచటనో పొగగొట్టముగల వాడొకడు ఆ కాయలను కొని, తన పొగకు పాపపరిహారమైనదని చాటుకొనును. చెట్టు ఎండినచో నష్ట మెవరిది? కాపరి లోనికి పోరాదని కంచె వేసినచో అతని గొఱ్ఱెలు ఎచట మేయును? ముప్పదియేండ్లలోపల కొడుకునకు ఆ చేను దున్నుకొన వలసినచో తండ్రి వ్రాసిన కాగితము అడ్డుపడునా? ఈ ప్రశ్నలకు తెలుగున, స్పష్టముగ, వ్రాతమూలకముగ జవాబు రానిదే చేవ్రాలు చేయకుడు.

సోదరులారా! మేము ఏమి కోరుచున్నామో ముగింపున విడదీసి చెప్పెదము. మొదటిది: ఏ బీటిలోనైనను పొదలు నాటుటకు ముందు అచటి గడ్డిని, మట్టిని, నీటిని కొలిచి వ్రాయవలెను, ఆ వ్రాత గ్రామపంచాయతిలో ఎల్లరకు కనబడవలెను. రెండవది: సర్కారుకంపవంటి ప్రాకుడు జాతులను ఇక క్రొత్తగా నాటరాదు, ఉన్నదానిని ఒక్కమాఱు పెరికి బొగ్గుగాండ్ర పొట్ట కొట్టక, నరకుపనిని వారికే యిచ్చి, ఖాళీయైన చోటను గడ్డితోను మన పొదలతోను క్రమముగ నింపవలెను. మూడవది: గ్రామసభ సమ్మతి లేక ఉమ్మడిభూమిని ఏ పద్దునను చేర్చరాదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము మేపుహక్కును గుర్తించియున్నది. అది కాగితమున మాత్రమే మిగులరాదు. నాలుగవది: కర్బనము వలన నేదైన సొమ్ము వచ్చినచో, అందు కాపరికిని భూమిలేని కూలికిని పాలుండవలెను, ఏలన, ఆ బీటిని ఇన్నాళ్లు కాపాడినవారు వారే. అయిదవది: పొదల లెక్క చూపి పొగగొట్టముల లెక్కను మాఫీ చేయరాదు.

కమలాపురమున ఆ విత్తనము నాటిననాడు మన తాతల నెవ్వరును అడుగలేదు. ఆకలితో నున్నవారిని అడుగవలెనని ఎవరికిని తోపనైన తోపలేదు. నాటినవారు మంచిదే తలచియుందురు. వంటచెరకు దొరకును, నేల పచ్చబడునని యాశించియుందురు. ఆ యాశ సగము ఫలించినది. తక్కిన సగము ముల్లయి మన కాళ్లలో గ్రుచ్చుకొనినది. నూటయేబది యేండ్లు కావచ్చుచున్నను ఆ ముల్లు నింకను తీయలేకున్నాము. మంచిదలంపు ఒక్కటియే చాలదనియు, అడుగక చేసిన మేలు మేలుగా నిలువదనియు ఆ కంప మనకు దినదినము చెప్పుచున్నది. నేడు మరల విత్తనములు తెచ్చుచున్నారు. ఈమాఱు మనము ఆకలిచే నోరెత్తలేనివారము కాము. మనకు చదువున్నది, ఓటున్నది, గ్రామసభ యున్నది. అడుగుదురుగాక! అడుగనిచో, మనమే పోయి అడుగుదము.